బి.ఆర్. షెనాయ్: ప్రణాళికా యుగంలో ఒంటరి అసమ్మతి

1955లో రెండవ పంచవర్ష ప్రణాళిక ముసాయిదాను పరిశీలించేందుకు ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆర్థికవేత్తల మండలిని ఏర్పాటు చేసింది. ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ దానికి అధ్యక్షులు. ఒక్కరు తప్ప సభ్యులందరూ ముసాయిదా మౌలిక దృక్పథంతో ఏకీభవించారు. విడిగా అసమ్మతి పత్రం సమర్పించిన ఆ ఒక్కరు బెల్లికోత్ రఘునాథ షెనాయ్.

షెనాయ్ 1905 జూన్ 3న మంగళూరు ప్రాంతంలోని బెల్లికోత్ గ్రామంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ, అనంతరం లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ చదివారు. విద్యార్థి దశలో జాతీయోద్యమంలో పాల్గొని కారాగార వాసం అనుభవించారు. రిజర్వు బ్యాంకులో పనిచేసి, అంతర్జాతీయ ద్రవ్యనిధిలో భారతదేశం తరఫున బాధ్యతలు నిర్వహించారు. అసమ్మతి పత్రం రాసేనాటికి అహ్మదాబాదులోని గుజరాత్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు.

రెండవ ప్రణాళికలో ప్రభుత్వ రంగ వ్యయం 4,800 కోట్ల రూపాయలు. అందులో 1,200 కోట్లను లోటు ద్రవ్య విధానం ద్వారా, అంటే కొత్త ద్రవ్య సృష్టి ద్వారా సమకూర్చుకోవాలన్నది నిర్ణయం. ప్రజల పొదుపునకు మించిన ఈ వ్యయం ధరలను పెంచుతుందని, ఆ భారం పేదలపై పడుతుందని, విదేశీ మారక ద్రవ్యం హరించుకుపోతుందని షెనాయ్ హెచ్చరించారు. 1957 నాటికి విదేశీ మారక నిల్వలు వేగంగా తరిగిపోగా దిగుమతులపై ఆంక్షలు బిగిశాయి. 1958లో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో భారత సహాయ కూటమి ఏర్పడింది.

అంతర్జాతీయ వాణిజ్యంపై ఆయన వాదన స్పష్టమైనది. ఆనాడు డాలరు అధికారిక విలువ 4 రూపాయల 76 పైసలు. దిగుమతి లైసెన్సు పొందినవారికి విదేశీ సరుకు ఆ చౌక ధరకే లభించేది. కొరత వల్ల స్వదేశీ విపణిలో దాని ధర ఎంతో హెచ్చుగా ఉండేది. ఆ వ్యత్యాసం ఖజానాకు గాని, వినియోగదారునికి గాని చేరక లైసెన్సుదారుని లాభంగా మారేది. ఎగుమతిదారునికి మాత్రం తాను ఆర్జించిన డాలరుకు తక్కువ రూపాయలే దక్కేవి. పోటీ లేని చోట నాణ్యత పెంచవలసిన అవసరం కూడా ఉత్పత్తిదారునికి ఉండదు. అందుచేత నియంత్రణలు తొలగించి, రూపాయి విలువను సరిదిద్దాలని ఆయన కోరారు. 1966 జూన్ 6న డాలరు విలువను 7 రూపాయల 50 పైసలుగా ప్రభుత్వం నిర్ణయించింది. అయితే దిగుమతి లైసెన్సుల వ్యవస్థ కొనసాగింది.

భిలాయి, దుర్గాపూర్, రూర్కెలా ఉక్కు కర్మాగారాలను చూపి ప్రణాళికా విధానాన్ని సమర్థించినవారు షెనాయ్ వాదనను అంగీకరించలేదు. విద్యావేత్తలలోనూ ఆయన అల్పసంఖ్యాకులుగానే మిగిలారు. అహ్మదాబాదులో పదవీ విరమణ అనంతరం ఢిల్లీలో ఆర్థిక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పి, చివరి సంవత్సరాలలోనూ రచన కొనసాగించారు. 1978 ఫిబ్రవరి 8న కన్నుమూశారు.

ఆ తర్వాత పదమూడేళ్లకు, 1991లో, యంత్రాలు, ముడి సరుకులలో అధిక భాగానికి దిగుమతి లైసెన్సులు రద్దయ్యాయి. ఆయన పత్రం ఆనాటి ప్రణాళికను మార్చలేకపోయింది. అయినా, తన ప్రతిపాదనను విమర్శించిన ఆ పత్రాన్ని ప్రణాళికా సంఘమే తన పత్రాలతో పాటు ముద్రించింది. అందువల్లనే తరువాతి తరాలవారు రెండు వాదనలనూ పక్కపక్కన ఉంచి చదవగలుగుతున్నారు.