సర్ ఫ్రెడరిక్ బాంటింగు

పసిబిడ్డలకు సైతము మధుమేహము కలుగునని పలువు రెరుగరు. అట్టివారికి ప్రాణాధారమైన ఔషధమును లోకమున కొసంగిన మహనీయుని చరిత్రమును మేము సంగ్రహముగా వ్రాయబూనితిమి.

ఫ్రెడరిక్ బాంటింగు కెనడా దేశమున, ఆంటేరియో రాష్ట్రమందలి ఆలిస్టను సమీపమున, ఒక వ్యవసాయదారుని యింట 1891వ సంవత్సరము నవంబరు 14వ తేదీన జన్మించెను. టొరాంటో విశ్వవిద్యాలయమున మొదట దైవశాస్త్రమభ్యసింప నారంభించి, పిదప వైద్యవిద్యను చేపట్టెను. ప్రథమ ప్రపంచయుద్ధమున, 1918లో, కాంబ్రే యొద్ద గాయపడియు, తోడి సైనికులకు చికిత్స చేసెను. 1920లో ఆంటేరియోలోని లండను పట్టణమున వైద్యశాల తెరువగా, మొదటి మాసమున నాలుగు డాలర్లు మాత్రమే లభించెను.

ఆ కాలమున మధుమేహము సోకిన బాలురకు ఆహారమును మిక్కిలి తగ్గించుటయే చికిత్స. దానివలన మరణము కొంత ఆలస్యమగుచుండెనే కాని తప్పకుండెను. క్లోమమునుండి ఔషధమును తీయవచ్చునని బాంటింగునకు 1920 అక్టోబరు 31వ తేదీ రాత్రి తోచెను. ఆచార్య మెక్లియడ్ గారి పరిశోధనశాలలో, చార్లెస్ బెస్టు అను విద్యార్థి తోడుగా, 1921 మే మాసమున పని ప్రారంభమయ్యెను. 1922 జనవరి 11న పదునాలుగేండ్ల లియొనార్డ్ థాంసన్‌కు తొలిసారి సూదిమందు వేసిరి. అది తగినంత ఫలింపలేదు. జేమ్స్ కాలిప్ దానిని శుద్ధిచేయగా, 23వ తేదీన మరల ఇచ్చిరి, బాలుడు తేరుకొనెను. అదియే ఇన్సులిన్. దాని హక్కులను ఒక్కొక్క డాలరునకే విశ్వవిద్యాలయమునకు విక్రయించిరి. 1923లో నోబెల్ బహుమానము తనకును మెక్లియడ్‌కును రాగా, బెస్టును విడిచిరని బాంటింగు కినిసి, తన భాగమున సగము అతని కిచ్చెను. 1934లో సర్ బిరుదమందెను.

ఇన్సులిన్ రోగమును నిర్మూలింపదు. లోపమును దినదినము పూరించును. జన్మించిన ఆరుమాసములలో మధుమేహము కనబడు అరుదైన శిశువులును ఈ సూదిమందుతోనే బ్రతికిరి. కారణము 2004లో తెలిసెను. వారిలో పలువురకు కె.సి.ఎన్.జె. 11 అను జన్యువున దోషముండును. దానివలన క్లోమకణములలోని ఒక ద్వారము మూసికొనదు; కణములందు ఇన్సులిన్ ఉన్నను వెలికి రాదు. సల్ఫొనైలూరియా మాత్రలు ఆ ద్వారమును మూయగలవు. కావున అట్టివారిలో అనేకులు సూదిమందును విడిచి మాత్రలతోనే జీవింపగలిగిరి. ఆరుమాసములు నిండకమునుపే మధుమేహము కనబడిన ప్రతి శిశువునకును జన్యుపరీక్ష చేయింపవలెనని వైద్యులు చెప్పుట ఇందుచేతనే. ఆ కారణము తెలియువరకు బిడ్డలను బ్రతికించి యుంచినది మాత్రము ఇన్సులినే.

బాంటింగు 1941 ఫిబ్రవరి 21న న్యూఫౌండ్‌లాండులో విమాన ప్రమాదమున గాయపడి మరణించెను. ఆయన జన్మదినమును లోకము మధుమేహ దినముగా నాచరించుచున్నది. మన దేశమున బాలల దినమును ఆ నవంబరు 14వ తేదీయే. బాలుర ప్రాణములు నిలిపినవానిని ఆనాడు మనమును స్మరించుట యుక్తము.