డార్విన్ దాంపత్యం

శాస్త్రజ్ఞుని జీవితాన్ని చలనచిత్రంగా మలచడం సులభం కాదు. సంవత్సరాల తరబడి సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న మనిషిని రెండు గంటలసేపు తెర మీద చూపితే ప్రేక్షకునికి ఆవులింతలు వస్తాయి. అందుచేత చిత్రనిర్మాతలు ఆ జీవితంలో ఒక ప్రేమకథను వెతుకుతారు, దొరకకపోతే కల్పిస్తారు. జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ విషయంలో ఆ ప్రేమకథను కల్పించవలసిన అవసరం లేకపోయింది. 2009లో వచ్చిన ‘క్రియేషన్’ చిత్రం ఆయన పరిశోధనను ఆయన సంసారంలో నుండే చూపింది. డార్విన్, ఎమ్మా పాత్రలను ధరించిన పాల్ బెట్టనీ, జెన్నిఫర్ కానెలీ అప్పటికి నిజజీవితంలోనూ దంపతులే. చనిపోయిన కుమార్తెతో డార్విన్ సంభాషించినట్లు చూపడం సినిమా కల్పన. కాని ఆ ఇంటిలోని ప్రేమ, దుఃఖం, వాటి మధ్య నిలిచిన సందేహం కల్పనలు కావు.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో జన్మించాడు. ఎనిమిదవ యేట తల్లి గతించింది. తండ్రి రాబర్ట్ పేరుమోసిన వైద్యుడు. కుమారుడు కూడా వైద్యుడు కావాలని ఎడింబరోకు పంపాడు. మత్తుమందు లేని ఆ రోజులలో శస్త్రచికిత్సను కళ్ళారా చూడలేక ఆ బాలుడు చదువు మానుకున్నాడు. పిమ్మట మతాచార్యునిగా చేయాలని తండ్రి కేంబ్రిడ్జికి పంపాడు. అక్కడ ఆయన వేదాంత గ్రంథాల కంటె పురుగుల సేకరణ మీదనే ఎక్కువ మక్కువ చూపాడు.

1831లో బీగిల్ నౌక మీద లోకం చుట్టివచ్చే అవకాశం లభించింది. తండ్రి వద్దన్నాడు. అప్పుడు మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్ కల్పించుకొని, తండ్రి అభ్యంతరాలలో ఒక్కొక్కదానికీ సమాధానం వ్రాసి ఒప్పించాడు. ఆ మేనమామ కూతురే ఎమ్మా. బీగిల్ ప్రయాణం దాదాపు అయిదేళ్ళపాటు మిగిలిన నేలలను చూపింది. తిరిగివచ్చిన వానికి మేనరికం ఇల్లు చూపింది.

1838లో డార్విన్ పెళ్ళి విషయాన్ని కూడ శాస్త్రజ్ఞునివలెనే ఆలోచించాడు. ఒక కాగితం మీద పెళ్ళి వలన లాభాలను ఒక ప్రక్క, నష్టాలను మరొక ప్రక్క వ్రాసుకున్నాడు. కాలం వ్యర్థమవుతుందని, పుస్తకాలకు డబ్బు మిగలదని ఒక ప్రక్క. వార్ధక్యంలో తోడు ఉంటుందని మరొక ప్రక్క. చివరకు తోడే నెగ్గింది. ఆ ఏడాదే మాల్థస్ గ్రంథం చదివి, ప్రకృతివరణ సిద్ధాంతానికి తాళపుచెవి పట్టుకున్నాడు. జీవజాతులు ఒక్కసారిగా సృష్టింపబడినవి కావనీ, బ్రతుకుపోరులో పరిసరాలకు తగిన లక్షణాలు నిలిచి, తరతరాలకు సంక్రమించి, క్రమంగా క్రొత్త జాతులు ఏర్పడుతాయనీ ఆయనకు తోచింది.

ఇటువంటి సందేహాలను భార్యకు తెలియనివ్వవద్దని తండ్రి ముందే హెచ్చరించాడు. డార్విన్ ఆ మాట వినలేదు. పెళ్ళికి ముందే ఎమ్మాకు మనసు విప్పి చెప్పాడు. ఆమె భక్తురాలు. 1839 జనవరి 29న వారి వివాహం జరిగింది. కొద్దికాలానికే ఆమె భర్తకు ఒక ఉత్తరం వ్రాసింది. ఋజువైనదానినే నమ్మే అలవాటు, ఋజువుకు అందని విషయాలకు కూడా ప్రాకుతుందేమోనని ఆమె భయం. పరలోకంలో తామిద్దరం విడిపోతామేమోనన్నది ఆమె వేదన. డార్విన్ ఆ ఉత్తరాన్ని జీవితాంతం దాచుకున్నాడు. దానిని ఎన్నోసార్లు ముద్దాడి కన్నీరు కార్చానని దాని అడుగున వ్రాసుకున్నాడు.

1844లో తన సిద్ధాంతాన్ని దాదాపు 230 పుటల వ్యాసంగా వ్రాసి, తాను అకస్మాత్తుగా మరణిస్తే 400 పౌనులు వెచ్చించి దానిని ప్రకటించవలసిందని ఒక లేఖలో కోరాడు. ఆ లేఖ ఎవరికో కాదు, ఎమ్మాకే. ఏ గ్రంథం తన విశ్వాసాన్ని గాయపరుస్తుందో దాని భారం ఆమె మీదనే పడింది. ఆమె వ్యాసాన్ని చదివి, కన్ను క్రమంగా పరిణమించిందన్న చోట అది పెద్ద ఊహ అని అంచున గుర్తు పెట్టింది. పుటను మాత్రం చింపలేదు.

1851 ఏప్రిల్ 23న పదేళ్ళ కుమార్తె ఆనీ మాల్వెర్న్‌లో కన్నుమూసింది. నిండు గర్భిణి అయిన ఎమ్మా ఇంటివద్దనే ఉండిపోయింది. తండ్రి మంచం ప్రక్కన కూర్చున్నాడు. ఆనీ వ్రాతసామగ్రి పెట్టెను తల్లిదండ్రులు దాచుకున్నారు. వారి వంశీకుడు రాండల్ కీన్స్ ఆ పెట్టె ఆధారంగా వ్రాసిన పుస్తకమే సినిమాకు మూలం. పదిమంది సంతానంలో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. మేనరికమే దీనికి కారణమేమోనని డార్విన్ కలత చెందాడు. మొక్కలలో స్వపరాగ సంపర్కం, పరపరాగ సంపర్కాల ఫలితాలను ఏళ్ళ తరబడి పరీక్షించాడు. జనాభా లెక్కలలో దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళను గురించి ప్రశ్న చేర్చాలని కూడా కోరాడు, పార్లమెంటు అంగీకరించలేదు.

1858లో ఆల్ఫ్రెడ్ వాలెస్ అదే సిద్ధాంతాన్ని వ్రాసి పంపగా, జూలై 1న ఇద్దరి రచనలు లండన్‌లోని లిన్నియన్ సంఘంలో చదువబడ్డాయి. మూడు రోజుల క్రిందటనే పసిబిడ్డను పోగొట్టుకున్న డార్విన్ ఆ సభకు వెళ్ళలేదు. 1859 నవంబరు 24న ‘జీవజాతుల ఆవిర్భావం’ వెలువడింది. అచ్చుప్రతులను దిద్దడంలో ఎమ్మా తోడ్పడింది.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న మరణించాడు. దేశం ఆయనను వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేసింది. ఎమ్మా ఆ అంత్యక్రియలకు వెళ్ళక, ఊరిలోని ఇంటనే ఉండిపోయింది. ఆయన ఆత్మకథలో మతాన్ని గురించిన కొన్ని మాటలను ఆమె కోరికపై 1887 నాటి ముద్రణలో వదలివేశారు. మనుమరాలు నోరా బార్లో 1958లో వాటిని తిరిగి చేర్చింది. 1896లో మరణించిన ఎమ్మా తన గ్రామంలోని చర్చి ఆవరణలో నిద్రిస్తున్నది. పరలోకంలో విడిపోతామేమోనని భయపడిన ఆమెకు, ఈ లోకంలోనే భర్త సమాధి దూరమయింది. నలభైమూడేళ్ళు ఒకే ఇంట కాపురం చేసినా ఆ ఇద్దరూ ఒకరి నమ్మకాన్ని ఒకరు మార్చలేకపోయారు; అయినా ఒకరి చేయి ఒకరు విడువలేదు.