282 మార్కులతో మొదలైన చదువు

మన హాస్టళ్లలో అంబేడ్కర్ ఫోటో లేని గోడ ఉండదు. నీలం కోటు, కళ్లజోడు, చేతిలో పుస్తకం. ఏటా ఏప్రిల్ 14న దండ వేస్తాం. డిసెంబర్ 6న కొవ్వొత్తులు వెలిగిస్తాం. సభల్లో రాజ్యాంగం గురించి, మహద్ చెరువు గురించి, బౌద్ధం గురించి వింటాం. ఆ కోటు తొడుక్కోకముందు ఆయన ఎలాంటి విద్యార్థో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. 1907లో మెట్రిక్ పాసైన నాటి నుంచి 1923లో లండన్ డాక్టరేటు చేతికొచ్చేదాకా పదహారేళ్లు. ఆ పదహారేళ్లలో డబ్బు లేక చదువు ఎన్నిసార్లు ఆగింది, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరెవరు తమ కడుపు మాడ్చుకుని ఇచ్చారు? స్కాలర్‌షిప్ పడిందా లేదా అని పాస్‌బుక్కు తిరగేసే మనకు ఈ కథ కూడా తెలియాలి.

1891 ఏప్రిల్ 14న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మౌ కంటోన్మెంటులో పుట్టాడు భీమరావు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. తల్లి భీమాబాయికి ఇతను పద్నాలుగో సంతానం. ఆరేళ్ల వయసులోనే తల్లి పోయింది. మేనత్త పెంచింది. సతారా బడిలో కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకోవాలి, అదీ అందరికీ దూరంగా. దాహమేస్తే కుళాయి ముట్టుకోకూడదు. బడి ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూను రాని రోజు నీళ్లు లేవు. ఇది మనందరికీ తెలిసిన సంగతే.

తర్వాత కుటుంబం బొంబాయి వచ్చింది. పరేల్‌లో కూలీలుండే చాల్‌లో ఒక్క గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. రాంజీ ఒక ఉపాయం చేశాడు. కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను రాత్రి రెండింటిదాకా మేలుకుని ఉండేవాడు. రెండింటికి కొడుకును లేపి, ఖాళీ అయిన ఆ చోట తాను నడుం వాల్చేవాడు. కిరసనాయిలు దీపం ముందు భీమరావు తెల్లవార్లూ చదివేవాడు. ఇద్దరు కొడుకులనూ చదివించే స్తోమత పెన్షన్ మీద బతికే తండ్రికి లేదు. అందుకని అన్న ఆనందరావు చదువు మాని పనికి వెళ్లాడు. తమ్ముడు పుస్తకం కావాలంటే రాంజీ పెళ్లయిన కూతుళ్ల దగ్గరికి వెళ్లేవాడు. వాళ్ల దగ్గర నాలుగు రూపాయలుంటే సరే, లేకపోతే ఒంటి మీది నగ అడిగి తీసుకుని మార్వాడీ దగ్గర తాకట్టు పెట్టేవాడు. పెన్షన్ వచ్చాక విడిపించి తిరిగి ఇచ్చేవాడు. మన ఇళ్లలో అమ్మ కమ్మలు ఎన్నిసార్లు ఇలా వెళ్లి వచ్చాయో ఈ సంచిక చదివేవారికి చెప్పనవసరం లేదు.

ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతం చదువుకుంటానంటే ఒప్పుకోలేదు. పర్షియన్ తీసుకోక తప్పలేదు. ఒకరోజు లెక్క చేయమని మాస్టారు బోర్డు దగ్గరికి పిలిస్తే క్లాసంతా గోలపెట్టింది. మిగతా పిల్లల అన్నం డబ్బాలు బోర్డు వెనక ఉన్నాయి, ఇతను వెళితే మైలపడతాయని! డబ్బాలు తీసుకున్నాక గానీ లెక్క మొదలవలేదు. ఇంకా మెట్రిక్ కాకముందే, 1906 ప్రాంతంలో, రమాబాయితో పెళ్లయింది. పిల్లాడికి పదిహేనేళ్లు నిండలేదు, పిల్లకు తొమ్మిదేళ్లు.

1907లో మెట్రిక్ పాసయ్యాడు. 750కి 282 మార్కులు. శాతం లెక్కగడితే 38 కూడా లేదు. ఇవాళ మన నోటీసు బోర్డు మీద ఆ మార్కులు పెడితే ఎవరూ ఆగి చూడరు. ఆ ర్యాంకుతో ఏ కార్పొరేట్ కాలేజీ హోర్డింగ్ మీదా ఫోటో వేయరు. కానీ మహర్ కుటుంబం నుంచి ఒక పిల్లవాడు మెట్రిక్ దాటడమే ఆ రోజుల్లో విశేషం కనుక పేటలో సన్మాన సభ పెట్టారు. సంఘ సంస్కర్త ఎస్.కె. బోలే అధ్యక్షత వహించారు. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే మాస్టారు తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను కుర్రవాడికి బహూకరించారు. చరిత్రకారులు ఆ పుస్తకం సంగతి గొప్పగా రాస్తారు. నా దృష్టిలో కేలూస్కర్ ఆ తర్వాత చేసిన పని ఇంకా పెద్దది. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరిన కొంతకాలానికి రాంజీ దగ్గర డబ్బు అయిపోయింది. చదువు ఆగిపోయే పరిస్థితి. అప్పుడు కేలూస్కర్ భీమరావును వెంటబెట్టుకుని బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ దగ్గరికి తీసుకెళ్లారు. రాజుగారు ప్రశ్నలు వేశారు, జవాబులు నచ్చాయి, నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చారు. ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలు, బట్టలు ఇచ్చాడు. ఇంత జరిగినా కాలేజీ హోటల్లో మాత్రం టీ గానీ, మంచినీళ్లు గానీ పోయలేదు. 1912లో బి.ఏ. పాసయ్యాడు. ఆ ఏడాది చివర్లోనే కొడుకు యశ్వంత్ పుట్టాడు.

1913 జనవరిలో బరోడాలో ఉద్యోగంలో చేరాడు. పట్టుమని పక్షం రోజులైనా కాకముందే తండ్రికి ప్రాణం మీదికొచ్చిందని తంతి వచ్చింది. దారిలో సూరత్ స్టేషన్లో తండ్రి కోసం మిఠాయి కొనడానికి దిగితే రైలు కాస్తా కదిలిపోయిందని ఆయన జీవిత చరిత్రలో రాశారు. ఇల్లు చేరేసరికి కొన ఊపిరి. కొడుకును చూసి, వీపు నిమిరి, ఫిబ్రవరి 2న రాంజీ కన్నుమూశాడు. నగలు తాకట్టు పెట్టి చదివించిన తండ్రి కొడుకు సంపాదన తినలేదు.

ఆ ఏడాదే బరోడా సంస్థానం కొందరు విద్యార్థులను అమెరికా పంపాలనుకుంది. అంబేడ్కర్ దరఖాస్తు చేశారు. 1913 జూన్ 4న బాండ్ రాసిచ్చారు: చదువయ్యాక పదేళ్లు బరోడాలో ఉద్యోగం చేయాలి. స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల గడువు. జూలైలో న్యూయార్క్ చేరి కొలంబియా యూనివర్సిటీలో చేరారు. అక్కడ కుళాయి ఎవరైనా తిప్పుకోవచ్చు, ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు. కానీ గడువు ఉంది. గడియారం తిరుగుతోంది. అందుకే రోజుకు పద్దెనిమిది గంటలు చదివేవారని చెబుతారు. అర్థశాస్త్రం ముఖ్యం, దానితోపాటు చరిత్ర, సమాజశాస్త్రం, తత్వం, మానవశాస్త్రం, ఏది దొరికితే అది. తిండి దగ్గర పొదుపు చేసి, మిగిలిన దాంట్లో కొంత రమాబాయికి పంపేవారు. మరికొంత పాత పుస్తకాల దుకాణాలకు పోయేది. 1915లో ఎం.ఏ. అయింది. 1916 మేలో భారతదేశంలో కులాల పుట్టుక మీద ఒక సెమినార్‌లో పత్రం చదివారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. మన ఎం.ఏ. విద్యార్థుల వయసే. అక్కడే నవల్ భతేనా అనే పార్సీ స్నేహితుడు దొరికాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

డాక్టరేటు థీసిస్ సమర్పించి, ఆ ఏడాదే లండన్ వెళ్లి స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, లా చదువు కోసం గ్రేస్ ఇన్‌లో పేర్లు నమోదు చేసుకున్నారు. అంతలో స్కాలర్‌షిప్ గడువు అయిపోయిందని, తిరిగి రమ్మని బరోడా నుంచి కబురు. చదువు మధ్యలో ఆగింది. నాలుగేళ్లలోగా తిరిగొచ్చి పూర్తి చేసుకోవచ్చని లండన్ యూనివర్సిటీ నుంచి అనుమతి మాత్రం తీసుకుని 1917లో బయల్దేరారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. పుస్తకాలు, సామాను వేరే ఓడలో వేస్తే దాన్ని జలాంతర్గామి ముంచేసింది. పోయిన సామానుకు నష్టపరిహారంగా 600 రూపాయలు వచ్చాయి. బరోడా వెళ్లడానికి ఆ డబ్బే అక్కరకొచ్చింది.

బరోడాలో ఏం జరిగిందో ఆయనే తర్వాత వివరంగా రాసుకున్నారు. కొలంబియాలో చదివొచ్చిన ఆఫీసరుకు ఊళ్లో అద్దెకు గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో, రోజుకు రూపాయిన్నర ఇచ్చి తలదాచుకున్నారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది పార్సీలు వచ్చి సాయంత్రానికి ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ స్నేహితుణ్ని అడిగితే, నువ్వొస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ స్నేహితుణ్ని అడిగితే భార్యను అడగాలన్నాడు. ఆ రాత్రి రైలు దాకా ఐదు గంటల సేపు కామాఠీ బాగ్ తోటలో చెట్టు కింద కూర్చున్నారు. గది ఖాళీగా ఉందని బోర్డు పెట్టి, ఇంటిపేరు అడిగి, ఊరడిగి, ఆఖరికి గది లేదనే ఇంటి యజమానులను కోచింగ్ కోసం నగరాలకు వెళ్లిన మన సీనియర్లు ఎంతమంది చూశారో! వాళ్లకు ఆ ఐదు గంటల గురించి వేరే చెప్పాల్సిన పని లేదు.

బాండ్ ప్రకారం పదేళ్లు చేయాల్సిన ఉద్యోగం అలా కొద్ది రోజుల్లోనే ముగిసింది. బొంబాయిలో ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెప్పారు. వ్యాపారులకు షేర్ల సలహాలిచ్చే ఆఫీసు పెడితే, కులం తెలియగానే గిరాకీ పోయింది. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. జీతం 450 రూపాయలు. అప్పట్లో అది పెద్ద జీతమే. అయినా చాల్‌లోనే ఉన్నారు. ఆ ఇంటిని రమాబాయి ఎలా నడిపిందో ఆమెకే తెలియాలి. ప్రతి పైసా లండన్ కోసం దాచాలి, నాలుగేళ్ల గడువు దాటిపోకూడదు. 1920 మార్చిలో ఉద్యోగం మానేశారు. దాచింది చాలలేదు. కొల్హాపూర్ శాహూ మహారాజ్ కొంత సాయం చేశారు. నవల్ భతేనా 5000 రూపాయలు అప్పిచ్చాడు. సత్రం నుంచి కర్రలతో గెంటినవారూ పార్సీలే, అప్పిచ్చిన స్నేహితుడూ పార్సీయే.

రెండోసారి లండన్ జీవితం మన మెస్ కంటే దారుణం. పొద్దున ఒక రొట్టె ముక్క, కాస్త చేప పచ్చడిలాంటిది, కప్పు టీ. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి తలుపులు తీసే వేళకే వెళ్లేవారు. మూసే వేళకు బయటికొచ్చేవారు. బస్సు డబ్బులు మిగులుతాయని నడకే. రాత్రి ఆకలేస్తే ఊరి నుంచి తెచ్చుకున్న అప్పడాలు. 1921లో ఎం.ఎస్సీ. అయింది. 1922 అక్టోబరులో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. థీసిస్ ఇచ్చారు. 1923 మార్చిలో పరీక్షకులు దాన్ని తిప్పి పంపారు, రాసిన తీరు మార్చమన్నారు. అప్పటికి చేతిలో డబ్బు పూర్తిగా అయిపోయింది. అక్కడే ఉండి దిద్దే దారి లేదు. బొంబాయి వచ్చి, దిద్ది పంపారు. ఆ ఏడాది చివర్లో డిగ్రీ వచ్చింది. బారిస్టరుగా కోర్టులో పేరు నమోదు చేసుకోవడానికి కూడా రుసుము లేకపోతే మళ్లీ భతేనాయే ఆదుకున్నాడు. కొలంబియా పట్టా సంగతి ఇంకా విచిత్రం. థీసిస్ అచ్చు వేసి ప్రతులు ఇస్తే గానీ పట్టా రాదు. అది పుస్తకంగా రావడానికి 1925 దాకా పట్టింది. పట్టా 1927లో చేతికొచ్చింది. 1916లో చేసిన పనికి 1927లో!

మన వక్తలు ఆయన ఒంటరిగా పోరాడి పైకొచ్చాడన్నట్టు మాట్లాడతారు. అది సగం నిజమే. ఆనందరావు చదువు, అక్కల నగలు, రాంజీ నిద్ర, రమాబాయి పస్తులు ఆ డిగ్రీల్లో ఉన్నాయి. ఆ దంపతులకు పుట్టిన ఐదుగురు పిల్లల్లో నలుగురు పసితనంలోనే పోయారు. రమాబాయి 1935లో పోయింది. ఆయన అడగాల్సిన చోట సాయం అడిగారు, అప్పు చేశారు, గడువు పెంచమని ఉత్తరాలు రాశారు. ఫీజు కట్టలేక, ఎవరికీ చెప్పుకోలేక, చెప్పాపెట్టకుండా హాస్టల్ వదిలి ఇంటికెళ్లిపోయిన తమ్ముళ్లు నాకు తెలుసు. వాళ్లకు ఈ ఉత్తరాల సంగతి ఎవరూ చెప్పలేదు.

రాజుగారు దయతలిస్తే చదువు, లేకపోతే లేదు అనే పరిస్థితి ఎలాంటిదో అనుభవించిన మనిషి కనుక, అధికారం దొరికాక ఆ పని మీద పడ్డారు. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యారు. ఆ ఏడాదే దళితుల కష్టాల మీద వైస్రాయ్‌కు వినతిపత్రం ఇచ్చి, కాలేజీ చదువులకు, విదేశీ చదువులకు ప్రభుత్వమే స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలని అడిగారు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. ఏటా మనం దరఖాస్తు పెట్టుకునేది ఆ పథకానికే. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. 1953 జనవరిలో హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. దానికి మాత్రం ఫీజు కట్టాల్సిన అవసరం రాలేదు.

వీటన్నిటికంటే ముందు ఇంకొకటి ఉంది. లండన్ నుంచి వచ్చిన మరుసటి ఏడాది, 1924లో, బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. 1925 జనవరి 4న ఆ సభ షోలాపూర్‌లో హైస్కూల్లో చదివే దళిత పిల్లల కోసం హాస్టల్ తెరిచింది. తిండి, బట్టలు, కాగితాలు, కలాలు అన్నీ సభవే. ఆ హాస్టల్ పిల్లలు తమకంటూ ఒక మాసపత్రిక కూడా నడిపారు. దాని పేరు సరస్వతీ విలాస్.