తప్పులు గుంపుగా ఎందుకొస్తాయి? మార్కోవ్ చెప్పిన లెక్క



ఫోన్‌లో మాట్లాడుతూ లిఫ్ట్ ఎక్కితే వరుసగా నాలుగైదు మాటలు వినిపించవు. బయటికి రాగానే అంతా మామూలే. వైర్‌లెస్ సిగ్నల్‌లో తప్పులు ఇలా గుంపులుగానే వస్తాయి. వాటిని అంచనా వేయడానికి ఇంజనీర్లు వాడే గణితానికి పునాది వేసింది ఆండ్రీ మార్కోవ్. ఆయన కాలానికి మొబైల్ ఫోన్లు లేవు.

మార్కోవ్ 1856లో రష్యాలోని రియాజాన్ ప్రాంతంలో పుట్టారు. కాలి జబ్బు వల్ల చిన్నతనంలో చంకకర్రలతో నడిచారు. స్కూల్లో లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టుల్లో వెనకబడేవారు. తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో చెబిషెవ్ దగ్గర చదువుకుని, అక్కడే ప్రొఫెసర్ అయ్యారు.

నాణెం ఎగరేస్తే, ఈసారి పడే బొమ్మకీ ముందుసారి పడ్డదానికీ సంబంధం ఉండదు. కానీ చాలా విషయాలు అలా ఉండవని మార్కోవ్ గమనించారు. దీన్ని చూపించడానికి 1913లో పుష్కిన్ రాసిన 'యెవ్జెనీ ఒనేగిన్' కావ్యం నుంచి 20,000 అక్షరాలు తీసుకుని చేత్తో లెక్కపెట్టారు. మొత్తం మీద 100కి 43 అచ్చులు. అయితే అచ్చు వెంటనే ఇంకో అచ్చు వచ్చే అవకాశం 100కి 13 మాత్రమే. హల్లు తర్వాత అచ్చు వచ్చే అవకాశం 66. అంటే తర్వాత ఏం వస్తుందనేది ఇప్పుడు ఏముందనే దాని మీద ఆధారపడుతుంది. దీన్నే మార్కోవ్ చైన్ అంటారు.

1960లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గిల్బర్ట్ ఈ ఆలోచనను సిగ్నల్‌కి వర్తింపజేశారు. ఆయన లెక్కలో సిగ్నల్ దారికి మంచి స్థితి, చెడ్డ స్థితి అని రెండే ఉంటాయి. మంచి స్థితిలో తప్పులుండవు. చెడ్డ స్థితిలోకి వెళ్తే కాసేపు అందులోనే ఉండిపోతుంది, ఆ కాసేపట్లోనే తప్పులు వరుసకడతాయి. 1963లో ఎలియట్ దీన్ని ఇంకా విస్తరించారు. కంప్యూటర్‌లో నెట్‌వర్క్‌ని పరీక్షించేటప్పుడు తప్పుల్ని అక్కడొకటి ఇక్కడొకటి చల్లితే పరీక్ష పాసైపోతుంది, అసలు ఫోన్ కాల్ మాత్రం ఫెయిలవుతుంది. అందుకే ఇప్పటికీ ఈ నమూనా వాడతారు.

1917లో, దేశం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు, ఇంత పేరున్న మార్కోవ్ జరాయ్‌స్క్ అనే చిన్న పట్టణానికి వెళ్లి స్కూల్ పిల్లలకు జీతం లేకుండా లెక్కలు చెప్పారు. 1922లో కన్నుమూశారు.

ఈ నెల ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో వరుసగా రెండు మూడు తక్కువ మార్కులు కనిపిస్తే, ఒక్కో మార్కు గురించి విడిగా కోప్పడకండి. ఆ రోజుల్లో నిద్ర సరిగా పట్టిందా, ఒంట్లో బాగుందా, ఏదైనా భయం ఉందా అని పక్కన కూర్చుని అడగండి. మాకూ ఒక మాట చెప్పండి.