పెనుగాలికి పేరు పెట్టిన నావికుడు

తుఫాను రాకను ముందుగా తెలిపే వ్యవస్థ ఏదీ లేని కాలంలో, దాని స్వభావాన్ని శోధించి నావికుల ప్రాణాలను కాపాడదలచిన మహనీయుడు హెన్రీ పిడింగ్టన్.

ఆయన 1797లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించాడు. వాణిజ్య నౌకలలో పనిచేసి నౌకాధిపతి అయ్యాడు. అనంతరం కలకత్తాలో స్థిరపడి, నౌకాప్రమాదాలను విచారించే న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యాడు. 1838లో వెలువడిన విలియం రీడ్ గ్రంథం ఆయనలో తుఫానుల పట్ల జిజ్ఞాసను రేకెత్తించింది. నౌకల దినచర్య పుస్తకాలను సేకరించి, ఏ వేళ ఏ దిక్కునుండి గాలి వీచిందో పోల్చి చూశాడు. 1839 నవంబరులో గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగిని ముంచిన తుఫాను కూడా ఆయన పరిశోధనలో చేరింది.

పెనుగాలి ఒక కేంద్రం చుట్టూ సుడి తిరుగుతుందని గ్రహించి, 1848లో ప్రచురించిన గ్రంథంలో దానికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. పాము చుట్టను సూచించే గ్రీకు పదం దానికి మూలం. కొమ్ముతో చేసిన పారదర్శక ఫలకాలను ఆ గ్రంథానికి జతపరిచాడు. వాటిని సముద్రపటంపై ఉంచితే తుఫాను కేంద్రం ఎటున్నదో సామాన్య నావికునికైనా తెలిసేది.

బెంగాల్‌లోని మాట్లా నదిపై కొత్త రేవును నిర్మించ సంకల్పించినప్పుడు, 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ వ్రాశాడు. ఉప్పెన వస్తే ఆ ప్రదేశం 5 నుండి 15 అడుగుల లోతున మునుగుతుందని హెచ్చరించాడు. పాలకులు లక్ష్యపెట్టలేదు. పిడింగ్టన్ 1858లో కన్నుమూశాడు. 1867 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ పోర్ట్ కానింగ్‌ను ధ్వంసం చేసింది.

ఆయన గాలి గమనాన్ని వివరించగా, దాని బలానికి మూలం సముద్రపు వేడిమి అని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించారు. సుమారు 26 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కిన నీరు ఆవిరై తుఫానుకు శక్తినిస్తుంది. తుఫాను కడలిని చిలికి, అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది. పైనున్న వేడిమిలో కొంత లోతులకు చేరుతుంది. ఆ చల్లదనమే తుఫాను వేగాన్ని కొంత అణచుతుంది. భూతాపం వలన లోతులు సైతం వేడెక్కితే ఆ అడ్డు సడలి, తుఫాను మరింత ఉగ్రమవుతుంది.

ప్రకృతి ముందుగా చూపే గుర్తులను చదవడం శాస్త్రజ్ఞుని విధి. చదివి చెప్పినప్పుడు ఆలకించడం సమాజపు విధి. పిడింగ్టన్ జీవితం బోధించే సత్యమిదే.