గుండె దడను లెక్కపెట్టిన వైద్యుడు

కడుపు నిండా తింటున్నా ఒళ్లు చిక్కిపోతోంది. ఊరికే కూర్చున్నా గుండె దడ. చేతులు సన్నగా వణుకుతున్నాయి. డిచ్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టే ఏ మహిళకైనా ఇలా ఉందంటే ముందుగా వినిపించే మాటలు ‘టెన్షన్’, ‘నరాల బలహీనత’, ‘ఎండ దెబ్బ’. చేతి వణుకుతో రోజు లెక్క తగ్గి కూలి పోతున్నా అసలు జబ్బు మాత్రం బయటపడదు. దాదాపు 190 ఏళ్ల కిందట ఐర్లండ్‌లోనూ ఆడవాళ్ల గుండె దడను తరచూ హిస్టీరియా కింద జమకట్టేవారు. అలా కొట్టిపారేయకుండా నాడిని, మెడను కలిపి చూసిన వైద్యుడు డాక్టర్ రాబర్ట్ జేమ్స్ గ్రేవ్స్.

చెర నుంచి ఆసుపత్రికి

గ్రేవ్స్ 1796లో డబ్లిన్‌లో పుట్టారు. 1818లో అక్కడి ట్రినిటీ కళాశాలలో వైద్య పట్టా పుచ్చుకొని, పై చదువుల కోసం యూరప్ అంతా తిరిగారు. జర్మన్ భాష ఎంత చక్కగా మాట్లాడేవారంటే, ఆస్ట్రియాలో గూఢచారి అనుకొని పది రోజులు చెరలో పెట్టారు. మధ్యధరా సముద్రంలో తుపానుకు ఓడ పంపు పాడైతే, తన బూట్ల తోలుతోనే దాన్ని బాగుచేసి అందరినీ గట్టెక్కించారని చెబుతారు.

1821లో డబ్లిన్‌లోని మీత్ ఆసుపత్రిలో చేరారు. విద్యార్థులను పుస్తకాల ముందు కాకుండా రోగి మంచం పక్కన నిలబెట్టి నేర్పించారు. నాడిని ఉజ్జాయింపుగా కాక, సెకన్ల ముల్లున్న గడియారం చూసి లెక్కపెట్టాలని పట్టుబట్టారు. అప్పట్లో జ్వరం వస్తే రోగిని పస్తు ఉంచడం అక్కడి ఆనవాయితీ. లంఖణమే పరమౌషధమని మన పెద్దలు నమ్మినట్టే. గ్రేవ్స్ మాత్రం జ్వర రోగులకు తిండి పెట్టించారు. తన సమాధి మీద ఆ ఒక్క సంగతి రాస్తే చాలని అనేవారట.

ముగ్గురు మహిళల కథ

1835లో ఆయన ముగ్గురు మహిళల గురించి ప్రచురించారు. ముగ్గురికీ విపరీతమైన గుండె దడ, మెడ ముందు థైరాయిడ్ వాపు. ఒకామె గుండె చప్పుడు మంచానికి కొంత దూరాన నిలబడినా వినిపించేది. కనుగుడ్లు ముందుకు పొడుచుకొచ్చిన మరో మహిళ సంగతీ ఆయన చేర్చారు. ఇంగ్లండ్ వైద్యుడు కేలబ్ ప్యారీ ఇలాంటి రోగులను అంతకుముందే చూసినా, ఆయన రాత 1825లో, మరణించాకే వెలుగులోకి వచ్చింది. 1840లో జర్మనీలో కార్ల్ ఫాన్ బాసెడో కూడా ఈ జబ్బును వివరించారు. చివరికి ‘గ్రేవ్స్ వ్యాధి’ అన్న పేరే ఎక్కువగా నిలిచింది.

అసలు ఏం జరుగుతుంది?

కారణమేమిటో గ్రేవ్స్ కాలంలో తెలియదు. ఇప్పుడు తెలుసు. మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి తయారుచేసే యాంటీబాడీలు థైరాయిడ్ గ్రంథిని ఆపకుండా ఉసిగొల్పుతాయి. హార్మోన్లు ఎక్కువై ఒంట్లో ప్రతి పనీ వేగం పుంజుకుంటుంది. ఇది మగవారిలో కన్నా ఆడవాళ్లలో చాలా ఎక్కువ. గ్రంథిలో గడ్డలు, వాపు, థైరాయిడ్ మాత్రలు మోతాదు మించి వేసుకోవడం కూడా హార్మోన్లు పెరగడానికి కారణం కావచ్చు.

దడ, వణుకు, బరువు తగ్గడంతో పాటు వేడిని తట్టుకోలేకపోవడం, చెమటలు, నిద్రలేమి, మాటిమాటికీ విరేచనం, నెలసరి తగ్గడం, చిరాకు కనిపిస్తాయి. పెద్ద వయసువారిలో బరువు తగ్గడం, నాడి గతి తప్పడం మాత్రమే ఉండొచ్చు. పొగ తాగేవారిలో కళ్ల సమస్య మరింత ముదురుతుంది. పట్టించుకోకపోతే గుండె లయ దెబ్బతింటుంది, ఎముకలు గుల్లబారతాయి.

చికిత్స ఉంది

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ తగ్గి, టీ3, టీ4 పెరిగితే థైరాయిడ్ హార్మోన్లు ఎక్కువయ్యాయన్నది దాదాపు ఖాయమైనట్టే. కార్బిమజోల్ మాత్రలను సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడాలి. దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ ఇస్తారు. ఆస్తమా ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. మాత్రలతో తగ్గకపోతే రేడియో అయోడిన్ లేదా శస్త్రచికిత్స చేస్తారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రేడియో అయోడిన్ ఇవ్వకూడదు. గర్భం ధరించాలనుకుంటే మాత్రల గురించి ముందే మాట్లాడాలి. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపి, అదే రోజు డాక్టర్‌ను కలిసి తెల్లరక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. కాస్త కుదుటపడగానే మందులు సొంతంగా మానేయొద్దు.

గ్రేవ్స్ 1853లో, 57 ఏళ్లు నిండకుండానే, కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన నేర్పిన పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోండి. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, ఫోన్‌లో సమయం చూస్తూ నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్నా రోజూ 100 దాటుతుంటే, బరువు కూడా తగ్గుతుంటే టెన్షన్ అని సరిపెట్టుకోవద్దు. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీఎస్‌హెచ్ పరీక్ష రాయమని అడగండి.