నంద్యాల సభాధ్యక్షుడి చైనా చదువు

తెల్లని తలపాగా, కళ్ళద్దాలు. సెప్టెంబరు 5న ఆ పటానికి దండ వేయడం, పదో తరగతి పిల్లలు పంచెలూ చీరలూ కట్టుకుని కింది తరగతులకు పాఠాలు చెప్పడం మనందరికీ గుర్తే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని మనం ఆ ఒక్కరోజుకే పరిమితం చేసేశాం. ఆయన నంద్యాలలో సభాధ్యక్షుడిగా కూర్చున్నారనీ, చైనా చరిత్రనూ తత్వాన్నీ పట్టుబట్టి చదివి చైనావాళ్ళ ఎదుటే ఉపన్యాసాలిచ్చి వచ్చారనీ చాలామందికి తెలియదు. ఆ చైనాతోనే ఆయన కాలంలో యుద్ధం వచ్చింది.

ముందు నంద్యాల సంగతి. 1928 నవంబరులో ఆంధ్ర మహాసభ నంద్యాలలో జరిగింది. అధ్యక్షుడు రాధాకృష్ణన్ గారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు, కలకత్తా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్యులు. అదే సందర్భంలో కడప కోటిరెడ్డి గారి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా జరిగింది. 1800లో నిజాం మన జిల్లాలను కుంపిణీకి రాసిచ్చాడు కనుక మనకా పేరు వచ్చింది. ఒకడు ఇంకొకడికి ఇచ్చేసిన నేల అని ఎన్నాళ్ళు చెప్పుకుంటాం? చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు సూచించారు, సభ ఒప్పుకుంది. ఆళ్ళగడ్డలో బస్సెక్కి నంద్యాలలో దిగి కాలేజీకి వెళ్ళిన మనం ఆ మాటను ఎన్ని వేలసార్లు పలికామో! అది పుట్టింది మనం దిగిన ఊళ్ళోనే.

రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు. తిరుపతిలో, వేలూరులో మిషన్ బళ్ళలో చదివారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్వశాస్త్రం తీసుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. బంధువుల కుర్రవాడొకడు తాను చదివేసిన ఆ పుస్తకాలు ఇచ్చాడు, కొత్తవి కొనే స్తోమతు ఇంట్లో లేదు. పాత పుస్తకాలతో చదువుకున్న వాళ్ళం మనలో ఎందరమో ఉన్నాం గనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. మద్రాసు, రాజమండ్రి, మైసూరు, కలకత్తాలలో ఉద్యోగం చేశారు. 1923లో, 1927లో భారతీయ తత్వశాస్త్రం మీద ఇంగ్లీషులో రాసిన రెండు పెద్ద సంపుటాలు వచ్చాయి. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులు.

చైనా వైపు ఆయన దృష్టి మళ్ళడానికి మొదటి దారి బౌద్ధం. బౌద్ధాన్ని లోతుగా చదివేవారెవరూ చైనాను తప్పించుకోలేరు. మన ఆచార్య నాగార్జునుడినే చూడండి. ఆయన పేరు మీదున్న మహాప్రజ్ఞాపారమితా శాస్త్రం సంస్కృతంలో మిగల్లేదు, అయిదో శతాబ్ది మొదట్లో కుమారజీవుడు చేసిన చైనా అనువాదంలోనే దొరుకుతోంది. ఏడో శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకం దాకా వచ్చి వెళ్ళాడు. మన ఇంట్లో పోయిన సొత్తు పొరుగింటి పెట్టెలో భద్రంగా ఉన్నట్టు. 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్యమతాలు, నీతిశాస్త్రం బోధించే కొత్త పీఠం ఆయనకు దక్కింది. ప్రాచ్యమంటే కాశీ, కంచి మాత్రమే కాదు. కన్‌ఫ్యూషియస్, లావోజు కూడా ఆయన పాఠంలో చేరవలసినవారే.

1944 మేలో చైనా ప్రభుత్వం పిలిస్తే వెళ్ళారు. అప్పుడాయన కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులు, వయసు యాభై అయిదు. ఎలాంటి సమయం అది! బర్మా జపానువాళ్ళ చేతిలో ఉంది, కోహిమా, ఇంఫాల్ దగ్గర పోరు నడుస్తోంది. చైనాకు విమానం తప్ప దారి లేదు, అదీ ఎత్తయిన కొండల మీదుగా. రాజధాని చుంగ్‌కింగ్ అంతకుముందు ఏళ్ళ తరబడి బాంబులు తిన్న ఊరు. విశ్వవిద్యాలయాలు తూర్పు నగరాలు వదిలి పడమటి కొండల్లోకి తరలిపోయాయి. 1938లో కొందరు విద్యార్థులు, అధ్యాపకులు చాంగ్షా నుంచి కున్మింగ్ దాకా నడిచే వెళ్ళారు. చదువు ఆగకూడదని అంత దూరం నడిచిన దేశంలో ఆయన కన్‌ఫ్యూషియస్ మార్గం గురించి, తావో మార్గం గురించి, అక్కడి బౌద్ధం గురించి, చైనావారి విద్యాదర్శాల గురించి ఉపన్యాసాలిచ్చారు. అదే ఏడాది అవి భారతదేశం, చైనా అన్న పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. చిన్న పుస్తకమే.

ఆ పుస్తకం మీద నా అభిప్రాయం దాచుకోను. ఆయన చైనా భాష నేర్చినవారు కాదు, అనువాదాల మీద ఆధారపడ్డారు. తావో గురించి చెప్పేటప్పుడు ఉపనిషత్తుల బ్రహ్మం పక్కనే వచ్చి నిలబడుతుంది. కన్‌ఫ్యూషియస్ దగ్గర నీతి నిండుగా ఉంది గాని ఆధ్యాత్మికత చాలలేదన్నట్టు తూకం వేస్తారు. ఆ తక్కెడ వేదాంతిది. చైనాను చైనా కళ్ళతో చదవాలనుకునే నేటి పరిశోధకులు దీన్ని ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. అయినా పొరుగుదేశపు గ్రంథాలను శ్రద్ధగా చదివి, వాటిని తమవిగా భావించే వాళ్ళ ముందే మాట్లాడటానికి ధైర్యం కావాలి. మన పండితుల్లో ఎందరు ఆ పని చేశారు?

తర్వాత పదవులు వచ్చాయి. మాస్కోలో రాయబారి, 1952 నుంచి ఉపరాష్ట్రపతి. ఆయన అధ్యక్షతన సంపాదకవర్గం తెచ్చిన ప్రాచ్య పాశ్చాత్య తత్వచరిత్రలో చైనా ఆలోచనకు చోటు దక్కింది. 1957 సెప్టెంబరులో మళ్ళీ చైనా వెళ్ళారు. మావో తన నివాసం ముంగిట ఎదురొచ్చి చేయి కలిపితే, ఈయన ఆయన చెంప మీద మెల్లగా తట్టారట. మావో నివ్వెరపోయేలోగా, స్టాలిన్‌నూ పోప్‌నూ కూడా ఇలాగే తట్టానని చెప్పి తేలిక చేశారని అప్పుడు అక్కడున్న నట్వర్ సింగ్ రాశారు. మాస్టారికి ఎదుటివాడు ఎంతటివాడైనా విద్యార్థిలాగే కనిపిస్తాడు కాబోలు.

1962 మే 13న రాష్ట్రపతి అయ్యారు. ఆ సెప్టెంబరు 5నే దేశంలో మొదటి ఉపాధ్యాయ దినోత్సవం. సరిగ్గా నలభై అయిదు రోజులకు, అక్టోబరు 20న, చైనా సేనలు సరిహద్దు దాటాయి. 26న అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేసింది, పద్దెనిమిదేళ్ళ కిందట చుంగ్‌కింగ్‌లో రెండు నాగరికతల స్నేహం గురించి మాట్లాడిన ఆ చేయే. ఆయన ఊరుకోలేదు. మన ప్రభుత్వం సులువుగా నమ్మింది, ఏమరుపాటుగా ఉంది అని బాహాటంగానే తప్పుపట్టారు. రాష్ట్రపతి తన సొంత ప్రభుత్వాన్ని అలా అనడం అప్పట్లో పెద్ద సంచలనం. నెహ్రూ గారికి ఆయన ఆప్తమిత్రులు, అయినా అన్నారు. నమ్మినవాళ్ళలో తానూ ఒకడినన్న బాధ ఆ మాటలో కలిసి ఉందేమోనని నాకనిపిస్తుంది.

1967లో పదవి దిగి మద్రాసు చేరుకున్నారు. 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు. అప్పటికి ఢిల్లీ, బీజింగుల మధ్య రాయబారులు లేక చాలా ఏళ్ళయింది. మరుసటి ఏడాది, 1976లో, మన రాయబారి మళ్ళీ బీజింగుకు వెళ్ళారు. ఆయన పేరు కె. ఆర్. నారాయణన్.